రేవు దాటాలంటే టీకా: చెన్నపట్నం నుంచి వెళ్ళినవాళ్ళు, చెన్నపట్నానికి వచ్చినవాళ్ళు

ఈసారి పోస్టు కాస్త పొడుగు. కాఫీ కలుపుకుని తీరిగ్గా కూర్చుని చదవండి.

మన పూర్వులు ఫిజీకీ దక్షిణాఫ్రికాకూ కూలీలుగా వెళ్ళిన కాలంలో ఒక్కొక్కరికీ ఒక పత్రం రాసేవాళ్ళు. ఎమిగ్రేషన్ పాస్ అంటారు. ఫిజీకి వెళ్ళినవాళ్ళవి వేలకొద్దీ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, అన్నీ అందులో ఉంటాయి. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు కనిపిస్తాయి. అక్కడి నాలుగో తరం వాళ్ళు ఈ కాగితం పట్టుకునే ఇక్కడ తమ ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. మనలో చాలామందికి ఈ సంగతి తెలుసు.

కానీ ఆ కాగితంలోనే డాక్టరు సంతకం చేసే ఒక వాక్యం ఉంది. ఈ మనిషి ప్రయాణానికి తగినవాడు, దేహంలోగానీ మనసులోగానీ ఏ రోగమూ లేదు, వలసకు ఒప్పుకున్న తరవాత ఇతనికి టీకా వేశాము, అని దాని సారాంశం. 'ఒప్పుకున్న తరవాత' అనే మాట గమనించండి. చిన్నప్పుడెప్పుడో వేసిన టీకా మచ్చ చేతిమీద ఉంటే చాలదు. వేలిముద్ర వేశాక, డిపోలో ఉండగా, మళ్ళీ వేయాలి. టీకాలు పడితేనే ఓడ ఎక్కడం.

ఆ డిపోలు మన చెన్నపట్నంలోనే ఉండేవి. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ ఇక్కడి రేవు నుంచి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకుతోటలకు భారతదేశం నుంచి వెళ్ళిన మొదటి ఓడ అదే. ఆ తరవాత 1911 దాకా నేటాల్‌కు వెళ్ళిన కూలీలు 1,52,000 పైచిలుకు. వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. ఫిజీకి మద్రాసు ఓడలు ఆలస్యంగా, 1903లో మొదలయ్యాయి. 1916 వరకు సుమారు 15,000 మంది ఇక్కడి నుంచి వెళ్ళారు.

ఇన్ని వేలమందికి టీకా వేయించింది దయతో కాదు. తోటల యజమానులు ఒక్కో కూలీకి ఓడ ఖర్చు పెట్టుకున్నారు. దారిలో చచ్చిపోతే నష్టం. అంతకంటే పెద్ద భయం, ఓడ దిగిన చోట రోగం అంటుకుంటుందని. 1879లో కలకత్తా నుంచి ఫిజీకి వెళ్ళిన మొదటి ఓడ లియొనిడాస్‌లో కలరా, మశూచి రెండూ పుట్టాయి. ఫిజీ తీరం చేరాక జనాన్ని ఊళ్ళోకి రానివ్వకుండా ఒక చిన్న లంక మీద ఉంచేశారు. అలాంటివి జరిగినకొద్దీ డిపోల్లో పరీక్షలు గట్టిపడ్డాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. టీకా వేసినవాడి ఉద్దేశం ఏదైనా, వేయించుకున్నవాడికి మేలు జరిగింది. స్వార్థంతో వేసిన టీకా కూడా మశూచిని ఆపుతుంది. అయితే ఆ పద్ధతిలో మనిషికి మేలు చేయడం అనేది పక్కన జరిగిన పని. అసలు లెక్క వేరు. వలస వచ్చినవాళ్ళ టీకాల చరిత్ర అంతా ఈ రెండు లెక్కల మధ్యనే నడిచిందని మాకు అనిపిస్తుంది.

టీకా మనదేశానికి 1802లో వచ్చింది. ఆ ఏడు జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు వేశారు. ఆ పాప చేతిమీద లేచిన పొక్కులోని రసమే అక్కడి నుంచి మద్రాసు దాకా వచ్చింది. ఐస్‌పెట్టెలు లేని కాలం కదా, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎక్కించుకుంటూ రావడమే దారి. వేసిన ఎనిమిదో రోజున పొక్కు పక్వానికొస్తుంది, అందులోంచి తీసి తరవాతి పిల్లకు. మద్రాసులో కంపెనీ పెద్ద వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ దీన్ని ఊరూరా పంపించాడు. కంపెనీ కొలువులో టీకాలు వేసిన తొలి భారతీయుల్లో స్వామి నాయక్ అనే వైద్యుడు ఇక్కడివాడే. ఈ చేతి నుంచి ఆ చేతికి అంటే మనవాళ్ళకు ఎంత రోత, ఎంత భయం కలిగి ఉంటుందో ఊహించండి. ఎవరి కులమో, ఎవరి రోగమో! పైగా అది అమ్మవారు. అమ్మవారు పోస్తే వేపాకు, పసుపు, చల్లదనం, మౌనం. సూదితో అమ్మవారిని అడ్డుకోవడం అపచారం అనుకున్నారు. అలా అనుకున్నవాళ్ళను మూఢులని కొట్టిపారేయడం మాకు ఇష్టం ఉండదు. ఆ పద్ధతిలో వేరే రోగాలు నిజంగానే అంటుకునేవి.

(మాటల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు: టీకా అంటే ఉత్తరాది భాషల్లో గుర్తు, బొట్టు. మనకు మాత్రం టీకా అనగానే టీకాతాత్పర్యం గుర్తొస్తుంది. ఏదైతేనేం, పద్యం కిందా చెయ్యి మీదా గుర్తు మిగులుతుంది.)

ఆ ఇబ్బంది తప్పించింది దూడల మీద పెంచిన మందు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో అందుకోసమే మొదలైంది. డబ్ల్యూ.జి. కింగ్ మద్రాసు శానిటరీ కమిషనర్. మన ఎండకు టీకా మందు చెడిపోకుండా దాన్ని లానోలిన్‌తో, అంటే గొర్రె ఉన్ని కొవ్వుతో కలిపి నిలవ చేసే పద్ధతి తెచ్చినవాడు. కరోనా కాలంలో టెస్టు రిజల్టు కోసం మనలో ఎంతమంది ఆ సంస్థ పేరు తలుచుకోలేదు! ఇవాళ ఆఫ్రికా దేశాలకు ఉద్యోగానికి వెళ్ళే మన పిల్లలు ఎల్లో ఫీవర్ టీకా కోసం పోయేదీ అక్కడికే.

ఇప్పుడు బర్మా. చెన్నై తెలుగువాళ్ళకు ఇది పరాయి కథ కాదు.

నేటాల్, ఫిజీ వేరే కాలనీలు. అందుకని ఎమిగ్రేషన్ చట్టం, డిపో, ప్రొటెక్టరు, డాక్టరు, పాస్. బర్మా మాత్రం 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియాలో భాగం. రంగూన్ వెళ్ళడమంటే కాగితం ప్రకారం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళడమే. కాకినాడలోనో, విశాఖపట్నంలోనో, కళింగపట్నంలోనో, బారువలోనో మేస్త్రీ తీసుకెళ్ళి డెక్ మీద ఎక్కించేవాడు. పాసూ లేదు, ప్రొటెక్టరూ లేడు. కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళను అక్కడ 'కొరంగీ'లు అన్నారు. ఆ మాటలో గౌరవం లేదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షల పైన, అందులో తెలుగువాళ్ళు లక్షన్నర పైచిలుకు. రంగూన్ జనాభాలో సగానికి పైగా మన దేశంవాళ్ళే. బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో, రిక్షాల దగ్గర, మరుగుదొడ్ల పనిలో తెలుగే వినిపించేది.

ఇక్కడ ఎక్కేటప్పుడు అడిగే చట్టం లేదు కాబట్టి అక్కడ దిగేటప్పుడు పట్టుకున్నారు. 1909లో బర్మా ప్రభుత్వం టీకాల చట్టాన్ని సవరించి, సముద్రం మీద వచ్చే కూలీలకు టీకా తప్పనిసరి చేసింది. ఎవరికి తప్పనిసరి అనేది చూడండి: కూలీలకు. మశూచికి క్యాబిన్ తెలియదు, డెక్ తెలియదు. చట్టానికి తెలుసు. కోతల కాలానికి వెళ్ళి, మళ్ళీ ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళే మనిషికి రేవు దిగిన ప్రతిసారీ చెయ్యి చాపి నిలబడటం తప్పని పని. వేసిన తరవాత జ్వరం వస్తే, చెయ్యి వాస్తే, ఆ వారం బస్తాలు మోయలేడు. మోయకపోతే కూలి లేదు. అదే మేస్త్రీ దగ్గర అప్పు మాత్రం ఆగదు. ఎక్కే రేవులో తీరిగ్గా వేసి, నాలుగు రోజులు తిండి పెట్టి పంపితే సరిపోయే పనిని అలా దిగే రేవులోకి తోశారు.

సింహళం సంగతి ఇంకో రకం. తోటలకు వెళ్ళే కూలీల కోసం సింహళ ప్రభుత్వం మన గడ్డ మీదే, రామేశ్వరం దగ్గర మండపంలో, క్యాంపు నడిపింది. కొన్ని రోజులు అక్కడ ఉంచి, పరీక్షించి, టీకా వేసి పడవ ఎక్కించేవాళ్ళు. అదే మండపంలో 1983 తరవాత శ్రీలంక తమిళ శరణార్థులకు శిబిరం పెట్టారు. వెళ్ళేవాళ్ళను నిలబెట్టిన చోటే వచ్చేవాళ్ళనూ నిలబెట్టారన్నమాట.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం పడిపోయింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకు. మిగిలినవాళ్ళు నడిచారు. అరకాన్ మీదుగా కొందరు, మణిపూర్ మీదుగా కొందరు, మొత్తం నాలుగైదు లక్షల మంది. దారి పొడుగునా కలరా. క్యాంపు దొరికిన చోట కలరా ఇంజెక్షను దొరికింది, దొరకని చోట లేదు. రేవు దిగిన ప్రతిసారీ కూలీ చెయ్యి పట్టుకుని టీకా వేసిన అదే ప్రభుత్వం, అదే కూలీ అడవిలో నడుస్తున్నప్పుడు ఎక్కడుందో కనిపించలేదు. ఈ వాక్యం కోపంతో రాశామని ఒప్పుకుంటాం.

1964 తరవాత నే విన్ ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు రెండోసారి. ఈసారి ఓడల్లో, మద్రాసుకూ విశాఖపట్నానికీ. బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజార్ 1969లో వచ్చింది అలానే. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనలు వచ్చేశాయి. 1952 నుంచి అంతర్జాతీయ టీకా సర్టిఫికెట్టు, ఆ పసుపు పుస్తకం. మశూచి టీకా మొదటిసారి వేస్తే ఎనిమిది రోజుల తరవాత నుంచి, మళ్ళీ వేయించుకుంటే అదే రోజు నుంచి, మూడేళ్ళు చెల్లుబాటు. సర్వం పోగొట్టుకుని వస్తున్న కుటుంబం ఓడ ఎక్కే ముందు జాగ్రత్త పెట్టుకోవాల్సిన కాగితాల్లో అదొకటి. అయినా ఇందులో ఒక మంచి ఉంది. నియమం కూలీకీ కలెక్టరుకీ ఒకటే అయింది.

మశూచి గురించి చెన్నై ప్రపంచానికి నేర్పిన పాఠం కూడా ఒకటుంది, మనమే సరిగా చెప్పుకోం. తండయారుపేట అంటురోగాల ఆసుపత్రిలో డాక్టర్ ఎ. రామచంద్రరావుగారు ఏళ్ళ తరబడి మశూచి రోగులను చూసి, 1972లో పుస్తకం రాశారు. మొత్తం 6,942 మంది. టీకా అసలు పడనివాళ్ళు 3,544 మంది, వాళ్ళలో నూటికి 35 మందికి పైగా చనిపోయారు. ఎప్పుడో ఒకప్పుడు టీకా పడినవాళ్ళు 3,398 మంది, వాళ్ళలో పోయినవాళ్ళు నూటికి ఆరుగురు. మశూచిని రకాలుగా విభజించడంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుసరించింది ఆయన పద్ధతినే. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకు ఎలా పాకుతుందో కుటుంబాల వారీగా లెక్కకట్టిందీ ఆయనే. ఆ లెక్కలు చెప్పేది ఒకటే: రోగం మనిషి నుంచి పక్కమనిషికి పోతుంది. ఆ పక్కమనిషి ఏ ఊరివాడని దానికి పనిలేదు.

ఈ సంగతి మరిచిపోతే ఏమవుతుందో 1971లో తేలింది. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. అంతకుముందు ఏడాదే, 1970లో, అక్కడ మశూచి ఆగిపోయింది. అంటే వచ్చినవాళ్ళు రోగం తేలేదు. కలకత్తా శివార్లలో సాల్ట్ లేక్ శిబిరంలో రెండు లక్షలకు పైగా జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడ మశూచి పుట్టింది. ఆటలమ్మ అనుకున్నారు. అమెరికాలో ఒక అంటురోగాల నిపుణుడు టీవీ వార్తల్లో ఆ శిబిరం దృశ్యాలు చూసి, ఇది ఆటలమ్మ కాదని గుర్తుపట్టాడు. అది 1972 జనవరి. అప్పటికే బంగ్లాదేశ్ ఏర్పడింది, జనం ఇళ్ళకు బయలుదేరారు. పోగొట్టుకున్న రోగం వాళ్ళ వెంట తిరిగి వెళ్ళింది. అక్కడ మళ్ళీ ఆగడానికి 1975 అక్టోబరు పట్టింది, భోలా ద్వీపంలో రహీమా బాను అనే చిన్నపాపతో.

భారతదేశపు ఆఖరి మశూచి రోగి ఎవరో తెలుసా? సైబన్ బీబీ. ముప్ఫయ్యేళ్ళ బంగ్లాదేశీ మహిళ. అస్సాంలో కరీంగంజ్ రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫారం మీద అడుక్కుని బతికేది. 1975 మే 24న ఆమెకు పొక్కులు కనబడ్డాయి. ఆమెను ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆమెతో తిరిగినవాళ్ళందరినీ వెతికి టీకాలు వేశారు. రోగం అక్కడితో ఆగింది. ఆ రోజు ఆమె కాగితాలు చూసి సరిహద్దు దాటించడమే ముందు పని అనుకుని ఉంటే ఆ గొలుసు ఇంకెంత దూరం పోయేదో.

ఇక మనందరికీ గుర్తున్న కాలం. 2021 జనవరి 16న కరోనా టీకాలు మొదలయ్యాయి. కోవిన్‌లో పేరు ఎక్కాలంటే ఆధార్, ఓటరు కార్డు లాంటి ఏడు గుర్తింపు పత్రాల్లో ఒకటి కావాలి. అవేవీ లేనివాళ్ళ కోసం కేంద్ర ఆరోగ్యశాఖ మే 6న వేరే పద్ధతి ప్రకటించింది. సంచారజాతులు, సాధువులు, ఖైదీలు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ళు, రోడ్డు పక్కన అడుక్కునేవాళ్ళు, పునరావాస శిబిరాల్లో ఉన్నవాళ్ళు, అందరూ అందులోకి వచ్చారు. గుర్తింపు పత్రం ఉన్న ఒక వ్యక్తి వాళ్ళను చూపిస్తే చాలు. ఆగస్టు 9న ఇక్కడ ఉంటున్న విదేశీయులు పాస్‌పోర్టుతో నమోదు చేసుకోవచ్చన్నారు. మంచి నిర్ణయాలే. కానీ టీకాలు మొదలైన నాలుగో నెలకూ ఏడో నెలకూ వచ్చాయి. రెండో అల మధ్యలో పోయింది.

మన సంఘం తరఫున ఆ వేసవిలో మేము చూసింది కూడా చెబుతాం. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఇక్కడ కట్టుబడి పనికి వచ్చిన కుర్రాళ్ళ దగ్గర ఆధార్ ఉంది. దానికి కలిపిన ఫోన్ నంబరు ఊళ్ళో నాన్నదో, ఎప్పుడో పారేసుకున్న సిమ్‌దో. ఓటీపీ వచ్చేది శ్రీకాకుళంలో, చెయ్యి చాపాల్సింది ఇక్కడ. ఒక కేంద్రంలో రాష్ట్రం వేరని వెనక్కి పంపారు, ఇంకో కేంద్రంలో ఏమీ అడగకుండా వేశారు. రూలు ఒకటే, బల్ల వెనకాల మనుషులు వేరు.

బయటికి వెళ్ళేవాళ్ళకు ఇంకో తంటా. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాక్సిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 3 దాకా గుర్తించలేదు. సౌదీలో ఉద్యోగం ఉండి, సెలవుకు ఇంటికొచ్చి, నమ్మకంతో మన టీకా వేయించుకున్న కరీంనగర్, జగిత్యాల, కడప వాళ్ళు ఇక్కడే ఇరుక్కుపోయారు. కోవిషీల్డ్ వేయించుకున్నవాళ్ళకు రెండో డోసు 84 రోజుల తరవాత. జూన్ 7న చదువుకూ ఉద్యోగానికీ విదేశాలు వెళ్ళేవాళ్ళకు దాన్ని 28 రోజులకు తగ్గించారు, సర్టిఫికెట్టులో పాస్‌పోర్టు నంబరు వేశారు. ఫిజీ పాస్ మీద డాక్టరు సంతకం, కోవిన్ కాగితం మీద క్యూఆర్ కోడ్. మధ్యలో నూరేళ్ళకు పైగా గడిచాయి.

ఇదంతా ఇప్పుడెందుకు రాశామో కమిటీ సమావేశానికి వచ్చినవాళ్ళకు తెలుసు. తిరువళ్ళూరు వైపు ఇటుక బట్టీల దగ్గర పిల్లల టీకాల కోసం శిబిరం పెడదామని మన సంఘం ప్రతిపాదన. ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు: సభ్యుల చందాలతో పెట్టే శిబిరం తెలుగు పిల్లలకు మాత్రమే కదా, ఆధార్ చూసి పేరు రాద్దాం, లేకపోతే ఎవరెవరో వస్తారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చడం లేదు. డబ్బు తక్కువ, లెక్క చెప్పాలి. కానీ టీకా మందు మనం కొనడం లేదు. ప్రభుత్వ టీకాలు ఉచితం, వేసేది ప్రభుత్వ నర్సమ్మలే. మన ఖర్చు వ్యాను, పందిరి, మజ్జిగ, తెలుగూ ఒడియా వచ్చిన మనుషులు. ఆ పందిరి కింద ఒడియా పిల్లకు వేయకుండా పక్కనున్న తెలుగు పిల్లకు వేస్తే తట్టు ఆ తెలుగు పిల్లను వదిలేస్తుందా? డాక్టరుగారి కుటుంబాల లెక్క ఇంకోసారి చూడండి.

అసలు చిక్కు ఆధార్ కాదు, తేదీలు. ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తరవాత తట్టు-రుబెల్లా టీకా తొమ్మిది నెలలకు ఒకసారి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య ఇంకోసారి. బట్టీ కాలం చలికాలం నుంచి వేసవి చివరిదాకా. పిల్ల సొంతూళ్ళో పుట్టి మొదటిది అక్కడ వేయించుకుంటుంది, రెండోది ఇక్కడ పడాలి, కార్డు అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉంటుంది. ఇంద్రధనుష్ కార్యక్రమం 2014 డిసెంబరులో మొదలైనప్పుడే ఇటుక బట్టీలు, కట్టుబడి స్థలాలు, సంచారజాతుల పేర్లు దాని జాబితాలో ఉన్నాయి. కాగితం మీద వాళ్ళు మరుపుకు రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళే కావాలి.

ఇంకొకటి. కేళంబాక్కంలో తుఫాను షెల్టరులో ఉంటున్న రోహింగ్యా కుటుంబాలు వచ్చింది కూడా బర్మా నుంచే, అరకాన్ నుంచే. 1942లో మనవాళ్ళు నడిచిన నేల. వాళ్ళ రాజకీయం మీద మన సభ్యుల్లో రకరకాల అభిప్రాయాలున్నాయి, వాటి జోలికి ఇక్కడ పోం. వాళ్ళ పిల్లలకు తట్టు టీకా పడిందో లేదో కనుక్కోవడానికి ఆ అభిప్రాయాలు అడ్డం రావక్కరలేదు. రెండో శిబిరం అక్కడ పెట్టగలమా అని అడుగుతున్నాం.

పనులు: తమిళనాడులో టీకాల రోజు బుధవారం కాబట్టి బుధవారమే పెడదాం. బట్టీ యజమానులతో మాట్లాడటానికి ఇద్దరు కావాలి, ఆ పూట కూలి కోయకుండా ఒప్పించాలి. మన రిజిస్టరులో పిల్ల పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ, ఆఖరుగా ఏ టీకా ఎక్కడ వేశారు, ఊళ్ళో ఒక ఫోన్ నంబరు, ఇంతే గడులు. కార్డు లేకపోతే ఊళ్ళోని ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి తేదీలు కనుక్కోవడానికి శ్రీకాకుళం, పార్వతీపురం వైపు మాట తెలిసినవాళ్ళు, ఒడియా వచ్చినవాళ్ళు ఒక్కొక్కరైనా కావాలి. ఒడియా వచ్చినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ దొరకలేదు. మీకు తెలిసినవాళ్ళుంటే కింద రాయండి.